గృహమును బడియు: పాటల గంట

గోదావరిఖని నుండి ఒక సోదరి మాకు నాలుగు పుటల లేఖ వ్రాసియున్నది. ఆమె క్రొత్తగా ఒక ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయినిగా చేరినదట. మూడవ తరగతి; 42 మంది పిల్లలు. వారమునకు రెండు గంటలు పాట చెప్పవలయునని పైవారు నిర్ణయించిరి. ఆమెకు సరిగమలు రావు. బడిలో హార్మోనియము లేదు. మొదటి దినమున పాట ఎత్తుకొనిన మూడు నిమిషములలో తరగతి అంగడివలె నయ్యెననియు, ప్రక్క గదిలోని ఉపాధ్యాయుడు ఒక్క మాటయైన ననక వచ్చి తలుపు మూసి పోయెననియు, ఆ మూసిన తలుపును తలచుకొని ఆ రాత్రి తాను నిద్రపోలేదనియు వ్రాసినది. "నాకు పాటయు రాదు, పిల్లలను నిలుపుటయు రాదు. ఈ రెంటిలో ముందు దేనిని నేర్చుకొనవలయును?" అని ఆమె ప్రశ్న.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పుటకు మాకు కొంత హక్కు కలదు. మేమును ఆ యూరనే, ఒక చిన్న బడిలో, కొన్ని సంవత్సరములు చిన్న తరగతులకు పాట చెప్పియుంటిమి. మాకును అట్లే తలుపులు మూయబడినవి. ఈ మాసమున ఈ పుటలను ఆ సోదరికే కేటాయించుచున్నాము. బడిలో పనిచేయని సోదరీమణులు కూడ దీనిని చదువవలయునని మా కోరిక. ఏలయన బడిలో పిల్లలు చూపు గుణములలో సగము ఇంటి నుండి మోసికొని వచ్చినవే.

ఆ యూరి సంగతి ఎఱుగని వారికి రెండు మాటలు చెప్పవలయును. యిల్లందు ప్రాంతమున 1871లో డాక్టరు విలియం కింగు బొగ్గును కనుగొనిన నాటినుండి తెలంగాణమున బొగ్గుబాయిల కథ మొదలైనది. సింగరేణి కాలరీసు అను పేరు 1920లో వచ్చినది. గోదావరికి దక్షిణపు గట్టున రామగుండము చెంత గనులు తెరచినది చాల తరువాత, 1960 ప్రాంతమున. అప్పటి నుండి పెరిగిన పట్టణమే గోదావరిఖని. 2016 నుండి పెద్దపల్లి జిల్లాలోనిది. తెలంగాణపు పల్లెలనుండి వచ్చినవారు, నదికి ఆవలినుండి వచ్చినవారు, హిందీ మాట్లాడు దూరదేశములవారు, అందఱును ఒకే వరుస ఇండ్లలో కాపురముందురు. అచట ప్రొద్దు కంటె షిఫ్టే పెద్దది. ఉదయము 7 గంటలకు, మధ్యాహ్నము 3 గంటలకు, రాత్రి 11 గంటలకు బాయిలో మనుష్యులు మాఱుదురు. ఇంటి వంట, నీళ్ళు, నిద్ర, పిల్లల ఆటలు అన్నియు ఆ మూడు గడియలను బట్టియే జరుగును.

పాటల గంటకును షిఫ్టునకును ఏమి సంబంధమని అడుగుదురేమో. మాకును మొదట తెలియలేదు. మా తరగతిలో కొందఱు పిల్లలు పాట మొదలు కాగానే పాడుటకు మాఱు కేకలు వేయుచుండిరి. ఎంత గద్దించినను ఆ కేక తగ్గదు. ఒకనాటి ఉదయము అట్టి పిల్ల ఒకతె జ్వరముతో నుండగా చూడబోతిమి. రెండు గదుల ఇల్లు. తండ్రి రాత్రి షిఫ్టు దిగి వచ్చి లోపలి గదిలో నిద్రించుచున్నాడు. తల్లి గిన్నెను సైతము చప్పుడు కాకుండ గుడ్డపై దింపుచున్నది. చిన్నవాడు బొమ్మను నేలపై ఈడ్చబోగా ఆమె వ్రేలు పెదవులపై నుంచి, "సప్పుడు చెయ్యకుండ్రి బిడ్డా, బాపు పండుకున్నడు" అని గుసగుసలాడినది. ఆ గుసగుస ఆ ఇంట ఎన్ని దినములనుండి సాగుచున్నదో! నెలలో ఎన్నో పగళ్ళు గొంతు అణచుకొని బ్రతుకు పిల్లకు బడిలో "నోరు తెరువుము" అని మనము చెప్పినపుడు ఏమి జరుగును? మూత తీసిన కుండ పొంగినట్లు పొంగును. దానిని మేము అల్లరి యనుకొంటిమి. ఆనాటి నుండి పాటల గంటలో మొదటి రెండు నిమిషములు వారి కేకలకే విడిచితిమి. బయట వేపచెట్టు క్రింద, ప్రక్క గదికి దూరముగా. పిదప లోనికి వచ్చువారు.

ఇక నిలుపుట సంగతి. మేమును మొదట అరచితిమి. ఉపాధ్యాయినులకు గొంతు జబ్బులు ఇతరుల కంటె ఎక్కువగా వచ్చునని వైద్యులు చెప్పుచున్నారు. మా గొంతు దసరా రాకమునుపే బొంగురుపోయినది. మాట రాక పోవుట చేతనే మేము ఉపాయము కనుగొంటిమి గాని తెలివి చేత కాదు. ఒకనాడు గొంతు లేక, ఏమియు చెప్పలేక, తరగతి ముందు నిలిచి తకధిమి యను లెక్కకు నాలుగు చప్పట్లు చఱచితిమి. ఎవరును వినలేదు. మఱల చఱచితిమి. ముందు వరుసలో ఇద్దఱు బాలికలు ఆ నాలుగు చప్పట్లను మాకు తిరిగి ఇచ్చిరి. చెమ్మచెక్క ఆడి ఆడి వారి చేతులకు అది అలవాటు. మూడవ మాఱు తకిట యని మూడు చఱవగా సగము తరగతి బదులిచ్చినది. అప్పుడు కొంచెము మెల్లగా చఱచితిమి. వారును మెల్లగా చఱచిరి. ఇంకను మెల్లగా. చివరి మాఱు ఒక్క వ్రేలితో అరచేతిని తట్టితిమి. ఆ చప్పుడు వినుటకే పిల్లలందఱును ఊపిరి బిగబట్టిరి.

ఆ దినము మొదలు మేము "నిశ్శబ్దము" అను మాటను ఆ తరగతిలో పలుకలేదు. ఓ సోదరీ, నీవును ప్రయత్నింపుము. కాని ఒక హెచ్చరిక. చప్పట్లు బదులు వచ్చిన వెంటనే పాట మొదలుపెట్టవలయును. ఆ నిశ్శబ్దములో నీవు హాజరు పట్టీ వెదకినను, ఎవనికో నీతి చెప్పబూనినను అది నిమిషములో చెడును. మఱునాడు ఆ చప్పట్లకు విలువ యుండదు. పాట ఏది, ఎవరు ఎచ్చట కూర్చుండవలయును, ఎంతసేపు అను సంగతులు గదిలోనికి రాకముందే నీ మనస్సున తేలియుండవలయును. ఎనిమిదేండ్ల పిల్లలు కదలక ఏడెనిమిది నిమిషముల కంటె కూర్చుండరు. కూర్చుండి ఒక పాట, నిలిచి అడుగులు వేయుచు ఒక పాట, మఱల కూర్చుండి వినుట. ఇట్లు మార్చుచు పోయినచో అరగంట తెలియకయే గడచును.

బల్లపై దరువు వేయువాడు ప్రతి తరగతిలోను ఒకడుండును. వానిని గోడవైపు త్రిప్పి నిలబెట్టుట వలన వాడు గోడపై దరువు వేయును. మేము వానికే తాళము వేయు పని అప్పగించితిమి. అయినను అన్నియు మాకు సాధ్యమయ్యెనని చెప్పజాలము. ఒక పిల్లవాడు ప్రతి పాటల గంటలోను నిద్రపోయెడివాడు. చప్పట్లు, పాట, తోటివారి గిల్లుళ్ళు, ఏవియు వానిని లేపలేదు. ఇంటికి పోయి విచారింపగా, తండ్రి 11 గంటల షిఫ్టుకు పోవు వారములలో ఆ ఇంట ఎవరును సరిగా నిద్రింపరని తెలిసినది. వానిని నిద్రపోనిచ్చితిమి. ఏడాది చివరను వానికి పాటలన్నియు ఎట్లు వచ్చినవో మాకు ఇప్పటికిని తెలియదు.

ఇపుడు ఏమి పాడవలయునను సంగతి. సంగీతము చెప్పుట యనగానే సరళీస్వరములు మొదలుపెట్టవలయునని మన యిండ్లలో ఒక నమ్మకము పాతుకొని యున్నది. 16వ శతాబ్దినాటి పురందరదాసుల వారు ఏర్పరచిరని చెప్పు ఆ క్రమము గొప్పదే. గురువు ఎదుట నలుగురైదుగురు కూర్చుండి ప్రతి స్వరమును సరిచూచుకొనుచు నేర్చుకొనుటకు అది తగినది. 42 మందికి అది తగదని మా దృఢమైన అభిప్రాయము. సరళీస్వరములు మాయామాళవగౌళ రాగములో నుండును. ఆ రాగమున షడ్జము ప్రక్కనే రిషభము, గాంధారము ప్రక్కనే మధ్యమము ఇరుకుగా ఆనుకొనియుండును. ఒక్క పిల్ల పాడునపుడు గురువు ఆ యిరుకును సవరింపగలడు. గుంపు పాడునపుడు ఆ రెండు స్వరములును కలిసి ముద్దయగును. విను ఉపాధ్యాయినికి ఎవరు తప్పిరో తెలియదు. పిల్లలకు విసుగు పుట్టును. విసుగు పుట్టిన చోట అల్లరి పుట్టును.

మోహనరాగపు నడకగల పాటలతో మొదలుపెట్టుము. దానిలో స, రి, గ, ప, ద అను ఐదు స్వరములే గాని ఇరుకులు లేవు. రాగము పేరు పిల్లలకు చెప్పనక్కఱలేదు. హంగేరీ దేశపు సంగీతజ్ఞుడు జొల్తాన్ కొడాయ్ (1882-1967) తన దేశపు పిల్లలకు ఇట్టి మార్గమునే చూపెను. మొదట రెండే స్వరములు, మన పంచమము నుండి గాంధారమునకు దిగునట్టివి; పిల్లలు వీథిలో ఒకరినొకరు సాగదీసి పిలుచుకొనునపుడు తఱచుగా ఆ దిగుడే వినవచ్చును. తరువాత ఐదు స్వరముల పాటలు. అవియు తమ పల్లెలలో జనము పాడుకొనునవే. ప్రతిదినము సంగీతము చెప్పు ప్రాథమిక పాఠశాల ఒకటి 1950లో కెచ్‌కెమెట్ అను పట్టణమున ఈ పద్ధతిపై వెలసినది.

కొడాయ్ పద్ధతిలో స్వరమునకొక చేతి గుర్తు కలదు. ఆ గుర్తులు ఆంగ్లదేశీయుడగు జాన్ కర్వెన్ అనువానివి. కర్వెన్ తన స్వరపద్ధతికి మూలమును ఎవరివద్ద గ్రహించెనో తెలియునా? నార్విచ్ పట్టణమున పిల్లలకు ప్రార్థనగీతములు నేర్పుచుండిన సారా గ్లోవర్ అను ఉపాధ్యాయిని వద్ద. ఆమె తన పద్ధతిని 1835లో పుస్తకముగా ప్రకటించినది. కీర్తి మాత్రము చాలవఱకు కర్వెన్ పేరనే నిలిచినది. సోదరీమణులకు ఇట్టి కథలు క్రొత్తవి కావు గనుక దీనిని పెంచము.

చేతి గుర్తులన్నియు నేర్వనక్కఱలేదు. షడ్జమునకు చేయి నడుము చెంత, పంచమమునకు భుజము చెంత, పై షడ్జమునకు తలపైన, ఇంతమాత్రము చాలును. స్వరము ఎక్కినపుడు చేయి ఎక్కుట కన్నులతో చూచిన పిల్లకు చెవి కూడ త్వరగా తెరచుకొనును. మఱియొక లాభము: రెండు చేతులకు పని యున్నంతసేపు ప్రక్కవాని జడ లాగుటకు చేయి ఖాళీ యుండదు.

శ్రుతి విషయమున పెద్దవారు చేయు తప్పును చెప్పవలయును. మనము మన గొంతునకు అనుకూలమైన క్రింది స్థాయిలో పాట ఎత్తుదుము. పిల్లల గొంతు అంత దిగదు. వారు మాటాడు గొంతుతోనే ఆ పాటను అరచెదరు. అరచినపుడు శ్రుతి పోవును. కొంచెము పైన, మెల్లని గొంతుతో ఎత్తుకొనినచో వారి సన్నని గొంతు తనంతట వెలికి వచ్చును. ఆ సన్నని గొంతు ఎచ్చట నున్నదో పిల్లలకు తెలియుటకు ఒక అభ్యాసము కలదు: అడుగునుండి పైకి, పైనుండి అడుగునకు గొంతును జాఱునట్లు సాగదీయుట. పాశ్చాత్య ఉపాధ్యాయులు దీనికి సైరన్ అని పేరు పెట్టిరి. బొగ్గుబాయి ఊరిలో ఇంతకంటె సులువైన పాఠము లేదని మేము సంతోషించితిమి. బాయి సైరన్‌ను ప్రతి పిల్లయు ఎఱుగును గదా!

తరగతి యంతయు ఒక్కమాఱు సైరన్ కూసినది. అద్భుతముగా కూసినది. మేము మెచ్చుకొనుచుండగా మూడవ వరుసలో ఒక బాలిక చెవులు మూసికొని ఏడ్చుచుండుట కంటబడినది. షిఫ్టు మాఱు వేళ మ్రోగు సైరన్ ఆ యూరివారికి గడియారము వంటిది. వేళగాని వేళ మ్రోగినచో స్త్రీలు పొయ్యి మీది కూరను విడిచి వాకిళ్ళలోనికి వత్తురు. 2003వ సంవత్సరము జూన్ మాసమున గోదావరిఖని 7వ ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొరబడి 17 మంది కార్మికులు మరణించిరి. ఆ సంగతి తెలిసియు, అట్టి యిండ్ల పిల్లలు మా యెదుటనే కూర్చుండియుండగా, మేము ఆ శబ్దమును ఆటగా చేసితిమి. మఱునాటి నుండి ఆ అభ్యాసమునకు గాలిపటమని పేరు మార్చితిమి. గాలిపటము లేచును, గాలిపటము దిగును. గొంతు చేయు పని అదియే. ఓ సోదరీ, పుస్తకములలో మంచి ఉపాయములు చాల కలవు. వానిని నీ తరగతిలోనికి తీసికొనిపోవునపుడు ఎవరి పిల్లలు ఎదుట నున్నారో ఒక్క నిమిషము చూచుకొనుము.

ఇంతకంటె పెద్ద తప్పు ఒకటి మేము చేసితిమి. చెప్పక తప్పదు.

ఒక ఆగస్టు పదునైదవ నాటి ఉత్సవమునకు పిల్లలచే పాట పాడింపవలసి వచ్చినది. పెద్దలు వత్తురు. ముగ్గురు పిల్లల గొంతు మిగిలిన వారితో కలియలేదు. పాట చెడునేమో యని భయపడి వారిని ప్రక్కకు పిలిచి, "మీరు పెదవులు మాత్రము కదుపుడు, గొంతు విప్పవద్దు" అంటిమి. పాట చక్కగా జరిగినది. చప్పట్లు మ్రోగినవి. మేమును గర్వించితిమి. ఇద్దఱు పిల్లలు ఆ మాటను మఱచిరి. మూడవవాడు మఱువలేదు. రెండేండ్ల తరువాత వాడు ఐదవ తరగతిలో నుండగా వాని తెలుగు ఉపాధ్యాయిని మాతో, వాడు పద్యమును బిగ్గరగా చదువుమన్నను పెదవులే కదల్చునని చెప్పినది. తల్లిని పిలిపించితిమి. ఆమెకు కోపము లేదు, ఆశ్చర్యమే. "ఇంట్ల గూడ పాడడు టీచరమ్మా. బతుకమ్మ కాడ చప్పట్లు కొడుతడు గని నోరిప్పడు. అడిగితే, టీచరు వద్దన్నది అంటడు" అన్నది.

మేము ఆమె ముఖము చూడలేకపోతిమి.

పిదప వానిని దినమునకు ఐదు నిమిషములు, తోటి పిల్లలు లేనపుడు, మా వద్ద కూర్చుండబెట్టుకొంటిమి. మా స్వరమును వాడు అందుకొనవలయునని మొదటి వారమంతయు ప్రయత్నించి విఫలమైతిమి. అప్పుడు తలక్రిందులుగా చేసితిమి. వానిని ఏదో ఒక స్వరమున గునియుమంటిమి. వాడు మిక్కిలి క్రిందుగా ఒక స్వరము గునిసెను. మేమే దిగి వాని స్వరమును పట్టుకొని వానితో కలిపితిమి. రెండు గొంతులు కలిసినపుడు చెవిలో కలుగు ఆ నిండుతనమును వాడు మొదటిమాఱు వినెను. మా వంక చూచెను. అచ్చటనుండి ఒక్కొక్క మెట్టుగా వానిని వెంటబెట్టుకొని ఎక్కితిమి. శ్రుతి కలియని పిల్లలలో పెక్కుమందికి చెవి చెడ్డది కాదు. తమ గొంతును ఎట్లు కదల్పవలయునో తెలియనివారే. ఆ మర్మము మాకు రెండేండ్ల ముందు తెలిసియుండవలసినది. ఏడాది చివరకు వాడు ఐదు స్వరములు పాడగలిగెను, మాతో కలిసి, తలుపు మూసిన గదిలో. పదిమందిలో మాత్రము పెదవులే కదలుచుండెను. వాడు ఆ బడి విడిచి పోవునాటికిని అట్లే యుండెను.

పాట రాని ఉపాధ్యాయిని పాట ఎట్లు చెప్పవలయును? ఆ తల్లి నోట వచ్చిన బతుకమ్మ యను మాటయే మాకు దారి చూపినది. పెత్రమాస నాటి ఎంగిలిపూల బతుకమ్మ మొదలు సద్దుల బతుకమ్మ వఱకు తొమ్మిది దినములు మన స్త్రీలు తంగేడు, గునుగు పూలు పేర్చి చుట్టును తిరుగుచు పాడుదురు గదా. 2014లో దానికి రాష్ట్రోత్సవ గౌరవము వచ్చినది. పాట చెప్పు పద్ధతిగా దానిని ఎవరును చూచినట్లు లేదు. ఒకతె చరణము ఎత్తును. మిగిలినవారు పల్లవి అందుకొందురు. తెలియని పిల్ల మొదట చప్పట్లు మాత్రమే కొట్టును, తరువాత పల్లవి కలుపును, ఏ మూడవ ఏటనో చరణము ఎత్తును. ఎవరును ఆమెను పరీక్షింపరు. తప్పినను వలయము ఆగదు.

మేము ఆ తల్లినే వారమున కొకమాఱు బడికి రమ్మంటిమి. ఆమె సిగ్గుపడి, "నాకేం వత్తది టీచరమ్మా, చదువు లేనిదాన్ని" అన్నది. వచ్చిన పిదప అరగంటలో మేము నెల దినములలో చేయలేనిది చేసినది. పిల్లలను వరుసలలో కూర్చుండబెట్టక వలయముగా నిలిపినది. వెనుక వరుస యన్నది లేనందున దాగుటకు చోటు లేకపోయినది. హిందీ మాట్లాడు పిల్లలు మొదట పల్లవి ఒక్కటియే పట్టుకొనిరి. వారి అమ్మమ్మల పాటలను మఱుసటి వారము మాకు వినిపించిరి. మగపిల్లలు "ఇది ఆడోళ్ళ పాట" యని మూతి ముడిచిరి. వారికి ఆమె కోలలు చేతికిచ్చినది. ఆ జిల్లాల పల్లెలలో చిరుతల రామాయణము ఆడువారు పురుషులే గదా యని గుర్తు చేయగా మూతులు సర్దుకొనినవి.

చిరుతల సంగతి వచ్చినది గనుక చెప్పుదుము. వడ్రంగి యొద్ద మిగిలిన కఱ్ఱముక్కలను జానెడు పొడవున కోయించి నునుపు చేయించినచో తరగతికి సరిపడు వాద్యములు లభించును. కాని ముందు పంచి తరువాత నియమము చెప్పబూనినచో ఆ దినము నీది కాదు. ఉత్త చేతులతో ఆట అంతయు నేర్పిన పిదప పంచవలయును. మా తరగతిలో నియమము ఒక్కటియే: మా చేయి భుజముపై నున్నపుడు చిరుతలు నేలపై "నిద్రించును". నిద్ర చెడగొట్టిన చిరుతను తీసి బల్లపై ఉంచెదము. పాట అయిన పిదప మఱల ఇచ్చెదము. గద్దింపు లేదు.

ప్రాథమిక తరగతులకు ప్రత్యేకముగా సంగీతపు ఉపాధ్యాయిని ఎందుకు లేదని ఆ సోదరి అడిగినది. 2009 నాటి విద్యాహక్కు చట్టము కళలకు పార్ట్ టైము బోధకులను విధించినది 6 మొదలు 8 వఱకు గల తరగతులకు, అదియు 100కు పైగా పిల్లలున్న చోట. ఐదవ తరగతి లోపలి పిల్లలకు పాట చెప్పవలసినది తరగతి ఉపాధ్యాయినియే. పాట నేర్చుటకు తగిన వయస్సు అదియే గనుక ఈ యేర్పాటు మాకు నచ్చదు. అయినను నచ్చువఱకు పిల్లలు వేచియుండరు గదా.

ఏ బడిలోనైనను ప్రతి ఉదయము జరుగు సంగీతపాఠము ఒకటి కలదు. జాతీయగీతము. దానిని ఎవరును పాఠముగా ఎంచరు. ఆ గీతమునకు నేటి వరుస స్వరములలో వ్రాయబడినది మన తెలుగునేలనే, మదనపల్లె కళాశాలలో, 1919 ఫిబ్రవరిలో. రవీంద్రనాథ ఠాకూరు అచ్చటికి అతిథిగా వచ్చి పాడగా, సంగీతమున పట్టము పొందిన మార్గరెట్ కజిన్సు అను ఐరిషు వనిత ఆ వరుసను స్వరలిపిలో కూర్చుటకు తోడ్పడినది. అఖిల భారత మహిళా సభను స్థాపించిన వారిలో ఆమెయు ఒకతె. పూర్తి గీతమునకు సుమారు 52 సెకండ్లు పట్టును. చివరి జయఘోష పై షడ్జము నంటును గనుక మొదట మిక్కిలి పైన ఎత్తుకొనిన పిల్లలు అచ్చట గొంతు పగులగొట్టుకొందురు; మిక్కిలి క్రింద ఎత్తుకొనిన పిల్లలు నడుమనే గొణుగుదురు. ఎత్తు పిల్లకు ముందుగా షడ్జము చెవిలో గునియుము. ఈ ఒక్క సవరణ నెల దినములు చేసినచో బడి యంతటి శ్రుతి మాఱును. మా బడిలో మాఱినది. పైవారు అది క్రొత్త మైకు వలననే యనుకొనిరి.

గొంతునకు గోరువెచ్చని నీరు దగ్గఱ నుంచుకొనుము. వేసవిలో బొగ్గుదుమ్ము రేగు దినములలో కిటికీలు తెరచి పాడింపవద్దు; దగ్గు గల పిల్లలకు తాళము పని ఇమ్ము. వరుసగా రెండు గంటలు పాట పెట్టుకొనవద్దు.

ఇక ఆ మూసిన తలుపు. ఆ ఉపాధ్యాయునిపై కోపము పెట్టుకొనకుము. మా ప్రక్క గదిలో నుండినవారు లెక్కల ఉపాధ్యాయులు, వయస్సున పెద్దవారు, మితభాషులు. మేము ఒకనాడు వారియొద్దకు పోయి, "అన్నగారూ, మా గంట ఏ వేళ నున్నచో మీకు ఇబ్బంది తక్కువ?" అని అడిగితిమి. వారు కొంచెము ఆలోచించి, తాము పిల్లలచే ఎక్కములు చెప్పించు వేళయైనచో ఫరవా లేదనిరి. అట్లే మార్చుకొంటిమి. రెండు నెలలు గడచినవి. ఒకనాడు మేము పిల్లలను మెల్లగా గునియించుచుండగా ప్రక్క గదినుండి పదమూడవ ఎక్కము తకిట తకధిమి చప్పట్లతో గోడలదరునట్లు వినవచ్చినది. ఆ నాడు తలుపు మూయవలసిన వంతు మాదయ్యెను.